నారు ఆగదు, అత్తమ్మా

రుక్మక్కా,

బాగున్నావా? నువ్వు వెళ్లిపోయి ఎనిమిది నెలలు దాటింది. కార్తీకంలో పోయావు, ఇప్పుడు ఆషాఢం నడుస్తోంది. వాకిట్లో నువ్వు పెట్టిన గన్నేరు కింద వాన నీళ్లు నిలిచి, కప్పలు ఒకటే అరుపు...

పోయినవాళ్లకు ఉత్తరాలేమిటని ఒకప్పుడు నేనే నవ్వేదాన్ని. నవ్వితే నవ్వాను గానీ, ఇప్పుడు నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేని సంగతి ఒకటి నా దగ్గరుంది. మొన్న మీ పుట్టిల్లు డోంగ్లి వెళ్లి, నువ్వు మరాఠీలో ఆయి అని పిలిచే మీ అమ్మను చూసి వచ్చాను. అప్పటి నుంచీ నోరు ఊరుకోవడం లేదు. ఇంట్లో చెబుదామా అంటే, చెప్పకూడని సంగతి.

ఉండు, వరసగా చెప్తాను. లేకపోతే నువ్వే అంటావు, "కొస పట్టుకొని గుంజకు సుగుణా, మొదటి నుంచి చెప్పు" అని.

ముందు ఇంటి కబుర్లు. అందరం బాగానే ఉన్నాం. బావ యాసంగి వడ్లు అమ్మేసి, బోరు కింద నాట్లు కానిచ్చి, మిగతా పొలం కోసం నిజాంసాగర్ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని చూస్తున్నాడు. అన్నం తింటాడు, పొలం పోతాడు, వస్తాడు. మాట మాత్రం తగ్గిపోయింది. ఎప్పుడు ఎక్కువగా ఉందని తగ్గడానికి అంటావేమో... ఉన్నది కూడా తగ్గింది. నీ మరిది షాపులో బోరు మోటార్లు కుప్పలు పడి ఉన్నాయి. మా పల్లవి డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసింది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే, కోపం మాత్రం సగమైంది. నేను అదే మిషన్, అవే జాకెట్లు.

నడిమింట్లో తూర్పు కిటికీ గుర్తుందా? గుర్తులేకపోవడమేమిటి నా పిచ్చి గానీ. ఒకే ఇంటి కోడళ్లం, యారాళ్లం అంటే పోట్లాడుకోవాల్సిందేనని లోకం అనుకుంటుంది. మనమూ పోట్లాడుకున్నాం, కాదనను. కానీ అన్నీ ఆ కిటికీ కోసమే.

నాకు దాని కింద మిషన్ ఉండాలి. సూదిలోకి దారం ఎక్కాలంటే వెలుతురు కావాలి కదా. నీకేమో ప్రతి వైశాఖంలో అక్కడే వంగ నారు పోయాలి. సరిగ్గా పెళ్లిళ్ల రోజులు, నాకు ఊపిరి సలపని రోజులు. ఒక పొద్దున లేచి చూసేసరికి నా మిషన్ తలుపు వెనక్కి పోయి ఉండేది. కిటికీ కింద నీ పెరుగు డబ్బాలూ, ఐస్‌క్రీం డబ్బాలూ, కాల్చిన మేకుతో అడుగున చిల్లులు పొడిచిన టీ గ్లాసులూ బారులు తీరి ఉండేవి.

నేను ఎంత మొత్తుకున్నా నువ్వు తల ఎత్తేదానివి కాదు. "నీ జాకెట్ రెండు దినాలు ఆగుతది సుగుణా. గీ విత్తనం ఆగుతదా?"

బయట పోసుకోవచ్చు కదా అని ఎన్నిసార్లు అన్నానో. బయట ఎండకు మట్టి కాలిపోతుంది, అది ఒక కారణం. అసలు కారణం కోతులు. బాన్సువాడలో వాకిట్లో ఏది పచ్చగా కనబడినా వాటికి నిద్ర పట్టదు. ఒక ఏడు తులసమ్మను కూడా వదల్లేదు. అందుకే నీ నారు ఇంట్లో మొలవాలి, ఇంట్లోనే నాలుగు ఆకులు వెయ్యాలి. అప్పటిదాకా నేను చీకట్లో సూదితో తంటాలు పడాలి.

ఆ పచ్చ చారల ముళ్ల వంకాయ విత్తనం నువ్వు కాపురానికి వచ్చేటప్పుడు కొంగున కట్టుకుని తెచ్చుకున్నావట. నీకు పిల్లలు లేరని, ఆ నారే నీ పిల్లలని పక్కింటామె ఒకసారి మెత్తగా అంటే నువ్వేమన్నావో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. "పిల్లలు పిల్లలే, వంకాయలు వంకాయలే. పిల్లల్ని ఎవలన్న నూనెల గోలిస్తరా?" పాపం, ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంకో మాట కూడా ఉంది నీది. దానికోసమే ఇదంతా రాస్తున్నాను.

ఒక ఏడు మీ ఊళ్లో బావులు ఎండిపోయి ఆ వంగ చెట్లన్నీ మాడిపోయాయనీ, మీ ఆయి దగ్గర విత్తనం మిగల్లేదనీ చెప్పావు. అప్పటి నుంచి ఏటా మిరుగం కార్తె రాగానే, ఆ నారు తడి గోనెలో చుట్టుకుని డోంగ్లి బయలుదేరేదానివి. మిరుగం అంటే తొలకరి. దున్నడాలు, వరి నార్లు, కూలీలకు వంటలు... అలాంటప్పుడు కోడలు పుట్టింటికి పోతానంటే ఒప్పుకునే అత్త ఎక్కడైనా ఉంటుందా? అందులోనూ అప్పట్లో మన అత్తమ్మ అంటే పులి. మా పుట్టిల్లు వర్ని ఎంత దూరమని? అయినా నాట్లు అయ్యేదాకా నాకు గడప దాటే వీలుండేది కాదు.

నువ్వు మాత్రం సంచి చంకన పెట్టుకుని గడపలో నిలబడేదానివి. "నారు ఆగదు, అత్తమ్మా. నేనైతే ఆగుత. అది ఆగదు."

పుట్టి బుద్ధెరిగి పొలంలోనే బతికిన మనిషి. నారు ఆగదంటే ఆమె మాత్రం ఏమంటుంది? "పోయి రా, రేపు పొద్దుగాల్లకు ఇంట్ల ఉండాలె" అని ముఖం తిప్పుకునేది. నువ్వు కొంగు దులుపుకుని, నా వైపు ఒక చూపు చూసి వెళ్లేదానివి. ఆ చూపుకు నాకు ఎంత కుళ్లుగా ఉండేదో...

నువ్వు పోయాక ఇంట్లో నీ పేరు ఎవరూ ఎత్తలేదక్కా. నీమీద ప్రేమ లేక కాదు. బావ ముందు ఎత్తితే ఆయన ఏమైపోతాడో అని మా భయం. మా ముందు ఎత్తితే మేమేమైపోతామో అని ఆయన భయం కావచ్చు. నీ చీరలు ఎవరికి ఇవ్వాలో కూడా మాట్లాడుకోలేదు. పెట్టె అట్లాగే ఉంది.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం మీ ఆయి ఫోన్ చేసింది. అందరి మంచిచెడ్డలూ అడిగింది. అత్తమ్మ మోకాళ్లు, పల్లవి చదువు, బావ తిండి. ఇక పెట్టేస్తుందనగా, "నారు వోసిన్రా?" అని అడిగి, నా జవాబు వినకుండానే పెట్టేసింది.

అడిగిందా, అలవాటుగా నోట్లోంచి వచ్చిందా? ఫోన్ పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. ఆమె దగ్గర విత్తనం లేదు. ఉన్నదల్లా మన ఇంట్లో, నీళ్ల పొయ్యి పైన దూలానికి వేలాడే, పురుగు పట్టకుండా నువ్వు విత్తనం దాచే బూడిద మూటలో. ఈ ఏడు పోయకపోతే ఆ వంకాయ అక్కడా ఉండదు, ఇక్కడా ఉండదు. అంతకంటే ఇంకో ఆలోచన నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నువ్వు లేవు, నీకు పిల్లలు లేరు, ఇక ఆ నారు కూడా లేకపోతే మన ఇంటి నుంచి డోంగ్లికి ఎవరు పోతారు? ఏం పని ఉందని పోతారు? మీ ఆయి ఇక మన మనిషి కాకుండా పోతుందా?

అప్పుడు నా మిషన్‌ను నేనే తలుపు వెనక్కి జరిపాను. నువ్వు చూసుంటే ఎన్ని రోజులు దెప్పేదానివో.

మట్టి నువ్వు కలిపినట్లే కలిపాను. మాగిన పెంట జల్లించి, మంజీర ఇసుక కలిపి, చేత్తో పిండితే ముద్ద కట్టి, వదిలితే రాలిపోయేట్టు. విత్తనం మాత్రం నీలాగా పొదుపుగా పోయలేకపోయాను. నీ చెయ్యి నాకు లేదు కదా, ఎక్కువ పోస్తే ఏవో కొన్నైనా వస్తాయని మూటలో ఉన్నది దాదాపు అంతా పోసేశాను. చిటికెడు గింజలు మాత్రం బూడిద అడుగున మిగిలాయి.

మొలిచాయక్కా. మట్టిని నెత్తిన ఎత్తుకుని, మెడలు వంచుకుని లేచాయి. ఆ పొద్దున అత్తమ్మ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.

తర్వాత ఒక్కొక్కటే పడిపోవడం మొదలైంది. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి, మట్టి దగ్గర మెడ దారంలా సన్నబడి ఒరిగిపోతుంది. నారుకుళ్లు. నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. పొద్దున ఒక్కసారే, తడి చేత్తో చిలకరించినట్టు పోసేదాన్ని. అయినా రోజూ ఇన్ని పోతున్నాయి. విత్తనం పాతదనుకున్నాను. మట్టిలో ఏదో ఉందనుకున్నాను. నా చెయ్యి మంచిది కాదనుకుని ఒకరోజు మిషన్ ముందు కూర్చుని ఏడ్చాను కూడా.

ఇంతలో వర్నిలో మా చిన్నాన్న కూతురి పెళ్లి వచ్చింది. వెళ్లక తప్పలేదు. నారు సంగతి ఎవరికీ చెప్పలేదు, చెబితే ఎవరు పట్టించుకుంటారనుకున్నాను. పెళ్లిలో ఉన్నానన్నమాటే గానీ మనసంతా ఆ డబ్బాల్లోనే. ఈ ఎండల్లో మట్టి బీటలు వారిపోయి ఉంటుందని అప్పగింతలు కూడా చూడకుండా వచ్చేశాను.

వచ్చి చూస్తే ఏముంది... డబ్బాల కింద పెట్టిన పళ్లెంలో నీళ్లు పొర్లుతున్నాయి. మట్టంతా బురద. కిటికీ గట్టు మీద వరసగా నీ మరిది గడ్డం గీసుకునే మగ్గు, అత్తమ్మ తులసికి నీళ్లు పోసే రాగి చెంబు, పల్లవి కాలేజీకి తీసుకెళ్లే సీసా, బావ పొలానికి పట్టుకెళ్లే స్టీలు లోటా.

అందరినీ పిలిచాను. నా గొంతు విని పక్కింటామె కూడా వచ్చింది.

నీ మరిది ముందే చేతులెత్తేశాడు. "నేనెక్కడ ఎక్కువ పోసిన? పొద్దుగాల్ల ఒక్క మగ్గు. గంతే." పల్లవి కాలేజీ నుంచి రాగానే సీసాలో మిగిలింది పోస్తుందట, పెద్దమ్మ ఎప్పుడూ మిగిలిన నీళ్లు పారబోయనిచ్చేది కాదు కదా అంది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలా నెమ్మదిగా చెప్పింది. "ఆ పిల్ల ఉన్నప్పుడు పోస్తుండె. ఇప్పుడు ఎవలకు యాదికుంటది అని నేనే పోస్తున్న, బిడ్డా."

బావ తన లోటా తీసుకుని, అందులో ఏముందో చూస్తున్నట్టు తలవంచుకుని నిలబడ్డాడు.

ఒక్కొక్కరం, మిగతావాళ్లెవరికీ గుర్తులేదనుకుని, దొంగల్లా వచ్చి నీళ్లు పోశాం. నేను తిట్టడానికే పిలిచాను. తిట్టలేకపోయాను. నీ పేరు ఎత్తడానికి భయపడ్డ ఇల్లు ఇన్ని రోజులుగా చేసింది ఇదన్నమాట... అందరం అక్కడే కూలబడ్డాం. అప్పుడు నీ గురించి మాట్లాడుకున్నాం. చీకటి పడేదాకా, పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయి మాట్లాడుకున్నాం.

ఆ మాటల్లోనే తెలిసింది. ఇది కొత్త సంగతి కాదట. ఇన్నేళ్లూ అందరూ ఆ నారుకు నీళ్లు పోయబోయినవాళ్లే. చెంబు పట్టుకుని ఎవరు కిటికీ వైపు నడిచినా, నువ్వు వంటింట్లో ఉన్నా సరే, ఎట్లా తెలిసేదో ఏమో, అక్కడి నుంచే అరిచేదానివి. "థాంబ్ గ..." ఆగవే అని. మగవాళ్లనైనా అట్లాగే అరిచేదానివి. మాకు మరాఠీలో వచ్చిన మొదటి మాట అదే. ఆ వెనకే, "అది అడిగినంక పొయ్యాలె. అడగక ముందుగాల పోస్తే అది మర్యాద కాదు, ముంచుడు."

నువ్వు నీళ్లు పోసి పెంచుతున్నావని అనుకున్నాం. మమ్మల్ని పోయనివ్వకుండా పెంచావు. ఆ అరుపు లేక ఇంటిల్లిపాదీ కలిసి నీ నారును ముంచేశాం.

ఆ డబ్బాల్లో ఒక్కటీ బతకలేదు. ఇక మిగిలింది బూడిద అడుగున ఉన్న ఆ కాసిని గింజలే. మిరుగం దగ్గర పడుతోంది.

అప్పుడు బావ నోరు విప్పాడు. "ఇగ ఉన్నయి చాలు. మండె కట్టి సూద్దాం."

వడ్లకు కడతారే, నానబెట్టి గోనెలో వెచ్చగా మూటగట్టి, మొలక పగిలాక నారుమడిలో చల్లుతారే, ఆ మండె. బస్తాలు బస్తాలు కట్టిన మనిషి, నీ పాత చీర అంచు చింపి, ఆ చిటికెడు వంగ గింజల్ని తడిపి కట్టాడు. ఎక్కడ పెట్టాడో తెలుసా? అంగీ జేబులో. పొలంలో కూడా జేబు తడుముకుంటూనే ఉన్నాడని నీ మరిది చెప్పాడు. గింజ కొసన తెల్లగా పగలగానే కిటికీ దగ్గర కూర్చుని, చీపురు పుల్ల కొసతో ఒక్కొక్క గింజనూ ఎత్తి, ఒక్కో గ్లాసులో ఒక్కోటి పెట్టాడు. ఆ వేళ్లతో అంత సన్నపని చేయడం నేనెప్పుడూ చూడలేదు. నీ వంగ నారు ఆడవాళ్ల వ్యవహారమని ఒక్కనాడూ దగ్గరికి రాని మనిషి...

నీళ్లకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. కిటికీలో ఒక్క చెంబే ఉండాలి. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్లు వేలితో మట్టి చూడాలి. పొడిగా ఉంటే కింది పళ్లెంలో పోయాలి, మొక్క తనకు కావలసినంత పీల్చుకుంటుంది. పోశాక చెంబు బోర్లించాలి. బోర్లించిన చెంబును ఆ రోజు ఇంకెవరూ ముట్టకూడదు. రెండో రోజు బోర్లించి ఉన్న చెంబును పల్లవి మళ్లీ ఎత్తబోతే, అత్తమ్మ మంచంలోంచే అరిచింది, "థాంబ్ గ" అని. మరాఠీ మాట ఆమె నోట వినడం అదే మొదలు. నవ్వుకున్నాం. తర్వాత కాసేపు ఎవరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మొలిచినవన్నీ నిలబడ్డాయక్కా. ఆకులు ముదిరాక పొద్దుటి ఎండ అలవాటు చేయడానికి అరుగు మీదికి తెచ్చేవాళ్లం. అత్తమ్మ కర్ర పట్టుకుని కాపలా. ఒకరోజు గోడ మీద కోతి, కింద అత్తమ్మ, ఒకరినొకరు ఎంతసేపు చూసుకున్నారో... చివరకు కోతే వెళ్లిపోయింది. పులి ఇంకా ఉందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

మిరుగం మాత్రం మా నారు కోసం ఆగలేదు. ఆ రోజు ఆనవాయితీ ప్రకారం చేపల కూర చేశాను. నారు ఇంకా జానెడు కూడా లేదు. అందరం కంచాల ముందు కూర్చున్నాం గానీ, అందరి ఆలోచనా ఒకటే. ఇన్నేళ్లలో మిరుగానికి డోంగ్లికి నారు వెళ్లకపోవడం ఇదే మొదలు. మీ ఆయి వాకిలి వైపు చూస్తూ ఉంటుందా? ఇక రారులే అనుకుని ఉంటుందా? ఫోన్ చేసి ఆలస్యమైందని చెబుదామనుకున్నాను. నారు పోశామని చెప్పి, అది కూడా పోతే? అందుకే చేయలేదు.

ఆరుద్ర కార్తెలో గానీ వీలు కాలేదు. సగం నారు మన పెరట్లో, ఇనుప జాలీ కింద పెట్టాం. మిగతా సగం బావ తడి గోనెలో చుట్టి, గాలి ఆడేట్టు పైన వదులుగా కట్టాడు. నువ్వు కట్టిన ముడే కట్టాడు. ఎప్పుడు చూసి నేర్చుకున్నాడో?

నేను సంచి చంకన పెట్టుకుని గడపలోకి వచ్చాను. ఆ రోజే మన పొలంలో వరి నారు పీకడానికి కూలీలు వచ్చారు. అత్తమ్మ నా వైపు చూసింది. నీ మాట నా నోట్లోకి వచ్చింది గానీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ఆమే అంది. "పో బిడ్డా. నారు ఆగదు."

బిచ్కుంద మీదుగా మద్నూర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. సంచి ఒళ్లోంచి దించలేదు. దారి పొడుగునా సోయా చేలు. మీ ఇంటి ముందు దిగేసరికి మీ ఆయి అరుగు మీద కూర్చుని ఉంది. కాసె పోసిన ఆ ముదురాకుపచ్చ చీరే. నన్ను చూసి లేవబోయి, లేవలేక, చేతులు చాపింది. ముందు అడిగిన మాట, "రోప్ ఆణలంస్ కా?" నారు తెచ్చావా అని.

తెచ్చానన్నాను. సంచి విప్పి, ఒక్కో మొక్కనూ వేళ్లతో తడిమి చూసింది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది. ఇద్దరం ఏడ్చాం. ఎంతసేపని అడగకు.

ఆలస్యానికి నేను క్షమాపణలు చెప్పుకుంటున్నాను. మా చేతకానితనం వల్ల నీ విత్తనం పోయినంత పనయిందనీ, అది పోతే నీకు ఏం ముఖం చూపించేదాన్ననీ... ఆమె వింటూ, నా చెయ్యి పట్టుకుని లేచి, ఇంటి వెనక్కి నడిపించింది. గడ్డి వేసుకునే కొట్టు తలుపు తీసింది.

గోడకు పైన చిన్న కిటికీ. దాని కింద కొబ్బరి చిప్పల్లో, పగిలిన కుండ పెంకుల్లో వంగ నారు. ముళ్లు మొదలైన ఆకులు, ఊదా రంగు కాడలు. మనదే. మనదానికంటే బలంగా, నాటడానికి ఎప్పుడో సిద్ధమై ఉంది.

"ఇది ఎప్పటి నుంచి, ఆయీ?" అన్నాను.

"ఎప్పటినుంచో ఏంది?" అంది. "ఆ ఏడు బావి ఎండితే రెండు చెట్లు బతికినయి. విత్తనం పట్టిన. రుక్మ అప్పటికే, 'నీ తాన లేదు గద, నేను తెస్త' అన్నది. ఉన్నదని చెప్తే నా బిడ్డ మిరుగానికి ఎట్ల వస్తది? మీ అత్త తోలుతదా?"

నువ్వు వచ్చే రోజు ఈ కొట్టుకు తాళం వేసి ఉంచేదట. నువ్వు వెళ్లాక రెండు నార్లూ కలిపి నాటేదట. కాయలు కాసినప్పుడు ఏది ఎవరిదో ఎవరు చెప్పగలరు?

అక్కా, నీకు తెలుసా? ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ కొట్టు వైపు పోలేదా? లేక తెలిసే, తెలియనట్టు మోసుకెళ్లావా? ఆమె నీకోసం దాచింది, నువ్వు ఆమెకోసం దాచావా? అడుగుదామంటే నువ్వు లేవు. ఆయిని అడగడానికి నాకు మనసు రాలేదు.

జొన్న రొట్టె, పచ్చిమిర్చి నూరిన కారం పెట్టింది. తిన్నాక ఇద్దరం కలిసి నారు నాటాం. ఆమె చూపించింది, నేను వంగి పెట్టాను. నీది ఇటు, ఆమెది అటు. పొద్దు వాలుతోందని చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

"థాంబ్ గ."

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అదే గొంతు, అదే సాగదీత. నువ్వు ఎవరి దగ్గర నేర్చుకున్నావో అప్పుడు తెలిసింది. తిరిగి చూసే ధైర్యం రావడానికి కొంచెంసేపు పట్టింది.

పల్లవికని బెల్లం వేసిన నువ్వుల ముద్దలు చేతిలో పెట్టింది. ఎలాగూ ఆగాను కదా అని అడిగేశాను. మాది ఈసారి పోయేదే, ఎందుకైనా మంచిది, నీ విత్తనం కొంచెం ఇవ్వు ఆయీ, ఇంట్లో పెట్టుకుంటాను అని.

ఇవ్వనంది.

"ఇస్తే నీకు ఫికర్ ఉండది. ఫికర్ ఉండాలె. మీ చెట్టుకు కాయ పండవెట్టి, మీరే విత్తనం తీసి, మీరే నారు వోసి, మిరుగానికి తీస్కరావాలె. ఫికర్ ఉంటెనే వస్తవు." చెప్పి నా చెయ్యి వదిలింది.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గడపలోనే కూర్చుని ఉంది. "అందిందా ఆమెకు? పాపం, ఆమె తాన విత్తనమే లేదాయె" అంది. అవును అత్తమ్మా, పాపం అన్నాను. బావ ఖాళీ గోనె నా చేతిలోంచి తీసుకుని, దులిపి, మడిచి, నీ బూడిద మూట వేలాడే దూలం పైన పెట్టాడు.

అదీ సంగతి. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. మన పెరట్లో మొక్కలు నిలదొక్కుకున్నాయి, నిన్ననే కొత్త ఆకు వేశాయి. మొదట కాసే మంచి కాయకు ఎర్ర జాకెట్ గుడ్డ పీలిక కడతాను, ఎవరూ తెంపకుండా. పండనిచ్చి, విత్తనం తీసి, బూడిదలో కలుపుతాను. వైశాఖం రాగానే నా మిషన్ తలుపు వెనక్కి పోతుంది. ఈసారి గొడవ పెట్టను.

మిరుగం నాడు సంచి చంకన పెట్టుకుని గడపలో నిలబడతాను. అత్తమ్మ నా వైపు చూస్తుంది. అప్పుడు ఆమె అనకముందే నీ మాట నేనే అంటాను.

నీ యారాలు,
సుగుణ